తాళం ఎవరి దగ్గర ఉంది? మన ఊరి రికార్డుల కథ



ఈ రోజు ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక గది ఉంది. ఆ గదిలో బీరువాలు, బీరువాల్లో గుడ్డలో కట్టిన మూటలు, మూటల్లో కాగితాలు. మన ఊళ్ళో ఏ పొలం ఎవరిది, ఏ చెరువు కింద ఎంత ఆయకట్టు ఉంది, ఇనాం ఎవరికిచ్చారు, శిస్తు ఎంత వసూలైంది, ఇవన్నీ రాసిన కాగితాలు. ఊళ్ళో, మండలంలో అయితే దీన్ని రికార్డు రూము అంటాం. రాష్ట్ర స్థాయిలో అయితే ఆర్కైవ్స్ అంటాం.

ఈ గది గురించి మనం ఒకే ఒక్క ప్రశ్న అడుగుదాం. తాళం ఎవరి దగ్గర ఉంది? తాళం పట్టుకున్న మనిషి మారినప్పుడు ఏమైంది? ఆ గది తలుపు జనానికి మూసేసినప్పుడు ఏమైంది?

చాలామంది "ఇది మనకెందుకు, ఇప్పుడు అన్నీ ఫోన్‌లోనే కనిపిస్తున్నాయి కదా" అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఒక చిన్న అనుభవం తర్వాత ఆ ఆలోచన మారింది. ముందు అది చెప్తాను.

కొన్నేళ్ళ కిందట మా తాతయ్య పొలానికి పాత పహాణీ నకలు కావాల్సి వచ్చింది. పహాణీ అంటే ఆ సంవత్సరం ఆ సర్వే నంబర్లో పట్టాదారు ఎవరు, సాగు చేస్తున్నది ఎవరు, ఏ పంట వేశారు అని రాసే రిజిస్టరు. ఆంధ్ర వైపు దాన్నే అడంగల్ అంటారు. దాని కోసం ఒక మండల ఆఫీసుకి మూడుసార్లు తిరిగాను. మూడుసార్లూ "ఆ సంవత్సరం రికార్డు లేదండి" అన్నారు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. వాళ్ళకి నిజంగానే దొరకలేదు. నాలుగోసారి వెళ్ళినప్పుడు ఎదురుగా టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన కలిశారు. అదే ఆఫీసులో అటెండర్‌గా చేసి రిటైర్ అయ్యారట. విషయం విని, "మీ ఊరు అప్పట్లో వేరే తాలూకాలో ఉండేది బాబూ. ఆ కట్టలు పాత తాలూకా పేరు మీద ఉంటాయి. మండలం పేరుతో వెతికితే ఎట్లా దొరుకుతాయి?" అన్నారు. లోపలికి వెళ్ళి అదే మాట చెప్పాను. పది నిమిషాల్లో కాగితం బయటికొచ్చింది.

ఆలోచించండి. కాగితం అక్కడే ఉంది. గది ఉంది, బీరువా ఉంది, తాళం ఉంది. లేనిది ఒక్కటే. అది ఎక్కడుందో తెలిసిన మనిషి. ఆయన రిటైర్ అయిన రోజు ఆ విషయం కూడా ఆయనతో పాటు ఇంటికెళ్ళిపోయింది. ఎవరూ దాన్ని ఒక పుస్తకంలో రాయించుకోలేదు.

ఇది ఒక్క ఆఫీసు తప్పు కాదు. మన దగ్గర రెండు వందల ఏళ్ళుగా ఇదే కథ మళ్ళీ మళ్ళీ జరిగింది. అదే ఈ రోజు చూద్దాం.

ఇల్లే ఆఫీసు, కొడుకే వారసుడు

ఊరి లెక్కలు రాసే మనిషిని ఆంధ్రలో కరణం అన్నారు, తెలంగాణలో పట్వారీ అన్నారు. మొదట్లో తాటాకుల మీద గంటంతో రాసేవాళ్ళు. ఆ లెక్కల తాటాకు కట్టని కవిలె అంటారు. నల్లగా చేసిన గుడ్డ మడతల మీద బలపంతో రాసే పద్ధతీ ఉండేది. దాన్ని కడితం అంటారు. తర్వాత కాగితం వచ్చింది. కాగితాల కట్టకి వాడే దస్త్రం అనే మాట పార్శీ నుంచి వచ్చిన 'దఫ్తర్'. చూశారా, రాసే వస్తువు మారింది, పాలించే భాష మారింది, ఊళ్ళో లెక్క రాయడం మాత్రం ఆగలేదు.

మరి ఇవన్నీ ఎక్కడ ఉండేవి? ఎక్కువగా కరణం ఇంట్లోనే. అటక మీదో, చెక్క పెట్టెలోనో. విడిగా ఆఫీసంటూ లేదు. కొడుకు చిన్నప్పటి నుంచి తండ్రి పక్కన కూర్చుని నేర్చుకునేవాడు. తండ్రి పోతే కొడుకు ఆ పనిలోకి వచ్చేవాడు. ఏ కట్టలో ఏముందో అతనికి ముందే తెలుసు. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే, ట్రైనింగ్, చార్జి అప్పగింత, అన్నీ ఇంట్లోనే అయిపోయేవి.

ఇందులో మంచి ఉంది. జ్ఞాపకం తెగిపోలేదు. కానీ దీని ఇంకో వైపు కూడా చూడాలి. ఆ తాళం ఒకే కుటుంబం చేతిలో ఉంది. రైతుకి చదువు రాదు. పుస్తకంలో తన పేరు ఉందో లేదో అతనికి తెలియదు, కరణం చదివి చెప్పిందే నిజం. దళితుడికైతే ఆ ఇంటి అరుగు ఎక్కే అవకాశమే లేదు, ఇక పుస్తకం చూసేదెక్కడ? కరణాలతో జాగ్రత్త అని సుమతీ శతకంలో కూడా పద్యాలున్నాయంటే జనం వాళ్ళని ఎట్లా చూశారో అర్థమవుతుంది. అంటే ఆ రికార్డు గది భద్రంగా ఉంది గానీ, ఊళ్ళో సగం మందికి అది ఎప్పుడూ మూసే ఉంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. "పాతకాలమే బాగుండేది" అని నేను చెప్పడం లేదు.

తెలిసిన మనిషిని పక్కన పెట్టిన కథ

ఇప్పుడు 1800 ప్రాంతానికి వద్దాం. కోలిన్ మెకంజీ అని ఈస్టిండియా కంపెనీలో సర్వే అధికారి. 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఊరూరా ఉన్న కవిలెలు, శాసనాలు, కథలు సేకరించి స్థానిక చరిత్రలు రాయించాడు. వాటినే మనం కైఫియత్తులు అంటున్నాం. మీ ఊరి కైఫియత్తు కూడా ఉండొచ్చు.

కానీ మెకంజీకి మన భాషలు రావు. ఆ విషయం ఆయనే ఒప్పుకున్నాడు. మరి పని చేసింది ఎవరు? ఏలూరుకి చెందిన కావలి సోదరులు. వాళ్ళలో ఒకడు వెంకట బొర్రయ్య. ఊళ్ళు తిరిగి, కరణాల్ని ఒప్పించి, పాత లిపులు చదివి ఈ పనికి పునాది వేశాడు. 1803లో చాలా చిన్న వయసులో చనిపోయాడు. అప్పుడు తమ్ముడు లక్ష్మయ్య బాధ్యత తీసుకున్నాడు. చూడండి, ఇక్కడ చార్జి చక్కగా చేతులు మారింది. అన్నతో కలిసి పని చేసిన తమ్ముడికి అన్నీ తెలుసు కాబట్టి పని ఆగలేదు.

1821లో మెకంజీ చనిపోయాడు. వేలకొద్దీ పత్రాలు మిగిలాయి. వాటిలో ఏది ఎక్కడిదో, ఏది ఎవరు రాశారో బాగా తెలిసిన వాళ్ళలో లక్ష్మయ్య ముందు వరసలో ఉంటాడు. "మిగిలిన పని నేను పూర్తి చేస్తాను" అని ఆయన అడిగాడు. 1830ల్లో ఆ ప్రతిపాదన కలకత్తా ఏషియాటిక్ సొసైటీ దాకా వెళ్ళింది. అక్కడ ఏమన్నారంటే, ఇలాంటి పనికి ఈ దేశస్థుడి అర్హతలు సరిపోవు అన్నారు. పని విలియం టేలర్ అనే మిషనరీకి వెళ్ళింది. ఆయన తర్వాత పెద్ద కేటలాగు వేశాడు, అది నిజమే. కానీ ఊళ్ళలో తిరిగి, ఆ కరణం ఇంటి అరుగు మీద కూర్చుని సేకరించిన మనిషికి తెలిసిన సంగతులు ఆ కేటలాగులోకి ఎన్ని వచ్చి ఉంటాయి?

ఆ తర్వాత పాడైపోతున్న ఆ తెలుగు పత్రాలకి సి.పి. బ్రౌన్ నకళ్ళు రాయించాడు. ఇవాళ మనం చదువుతున్న కైఫియత్తుల్లో చాలా వరకు ఆ నకళ్ళ పుణ్యమే. కాబట్టి మొదటి పాఠం ఇది. మనిషి మారక తప్పదు. కానీ తెలిసిన మనిషి ఇంకా బతికుండగా, పని చేస్తానని ముందుకొస్తుండగా, ఆయన్ని అడగకపోవడం మాత్రం మన చేతులారా చేసుకునే నష్టం.

భాష మారితే తాళం మారినట్టే

ఇప్పుడు హైదరాబాద్‌కి వద్దాం. నిజాం ప్రభుత్వంలో రెవెన్యూ లెక్కలకి రెండు పెద్ద దఫ్తర్లు ఉండేవి. దఫ్తరె దివానీ, దఫ్తరె మాల్. వీటిని చూసేవాళ్ళని దఫ్తర్దార్లు అనేవాళ్ళు. ఇవి కూడా రెండు పెద్ద కుటుంబాల చేతుల్లో వంశపారంపర్యంగా నడిచాయి. మన ఊరి కరణం కథే, కాకపోతే రాజ్యం స్థాయిలో. రాజ్యం లెక్క చూడాలంటే వాళ్ళని అడగాలి.

1853లో మొదటి సాలార్‌జంగ్ దివాన్ అయ్యాడు. దాదాపు ముప్పై ఏళ్ళు, 1883లో చనిపోయేదాకా, దివాన్‌గానే ఉన్నాడు. ఆయన దఫ్తర్దార్ల అధికారాన్ని మెల్లమెల్లగా తగ్గించి, జీతం తీసుకునే ఉద్యోగులతో కొత్త శాఖలు పెట్టాడు. ఇక్కడ 'మెల్లమెల్లగా' అన్న మాట ముఖ్యం. రాత్రికి రాత్రి గుంజుకోలేదు.

1884లో ఇంకో మార్పు వచ్చింది. ప్రభుత్వ భాష పార్శీ నుంచి ఉర్దూకి మారింది. పరిపాలనకి అది అవసరమే కావచ్చు. కానీ రికార్డు గది వైపు నుంచి చూడండి. కొత్తగా ఉద్యోగంలో చేరే గుమాస్తాకి పార్శీ రావాల్సిన పని లేదు. ఒకటి రెండు తరాలు గడిస్తే పాత కాగితం చేతిలో ఉన్నా చదివేవాళ్ళు తగ్గిపోతారు. పైగా ఆ కాగితాలు చాలావరకు 'షికస్తా' అనే గొలుసుకట్టు రాతలో ఉంటాయి. పార్శీ వచ్చినా ఆ రాత చదవడానికి విడిగా నేర్చుకోవాలి. మరాఠీ లెక్కలైతే మోడీ లిపిలో ఉంటాయి. 1956 తర్వాత ఉర్దూ స్థానంలో ఇంగ్లీషు, తెలుగు వచ్చాయి. మళ్ళీ ఇంకో తాళం పడింది.

ఈ దఫ్తర్ల వారసత్వమే తర్వాత స్టేట్ ఆర్కైవ్స్ అయింది. 1960ల్లో హైదరాబాద్ తార్నాకలో, ఉస్మానియా యూనివర్సిటీ పక్కనే సొంత భవనం వచ్చింది. షాజహాన్, ఔరంగజేబు కాలం నాటి మొగలు పాలన కాగితాలే అక్కడ సుమారు లక్షన్నర ఉన్నాయి. దేశంలో ఇంత పెద్ద మొగలు పత్రాల సంపద చాలా అరుదు. కానీ పార్శీ చదివే మనిషి ఒకరు రిటైర్ అయి, ఆ ఖాళీ భర్తీ కాకపోతే? ఆ లక్షన్నర కాగితాలకీ తలుపు తీసే ఉంటుంది, లోపలికి దారి మాత్రం ఉండదు. పోస్టు ఖాళీగా ఉండటం కూడా ఒక రకంగా మూసివేతే. దానికి నోటీసు బోర్డు కనిపించదు, అంతే తేడా.

తలుపు మూసినా నష్టం లేని కథ

ఇప్పటిదాకా నష్టాలే చెప్పాను. బాగా జరిగిన ఒక కథ కూడా చెప్పాలి.

మద్రాసులో ఈస్టిండియా కంపెనీ రికార్డులు 1670ల నుంచి ఉన్నాయి. అప్పట్లో కోస్తా, రాయలసీమ అంతా మద్రాసు ప్రెసిడెన్సీలోదే కాబట్టి మన జిల్లాల చరిత్ర అక్కడే ఉంది. 1909లో ఎగ్మూరులో ఈ రికార్డుల కోసమే ఎర్ర ఇటుకల భవనం కట్టారు. 1911లో హెన్రీ డాడ్‌వెల్ క్యూరేటర్ అయ్యాడు. ఆ తరం వాళ్ళు చేసిన పని చూడటానికి చాలా విసుగు పుట్టించే పని. ఏ సంపుటంలో ఏముందో జాబితాలు వేయడం, సూచికలు తయారు చేయడం, వాటిని అచ్చు వేయడం. 1922లో డాడ్‌వెల్ వెళ్ళిపోయాడు. కానీ జాబితాలు మిగిలాయి. ఆయన తలకాయలో ఉన్నది కాగితం మీదకి వచ్చింది. తర్వాత వచ్చినవాళ్ళు అక్కడి నుంచే మొదలుపెట్టగలిగారు. 1930ల్లో బి.ఎస్. బాలిగా క్యూరేటర్‌గా వచ్చి ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నారు.

ఆయన హయాంలోనే యుద్ధం వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. తర్వాత వంతు మద్రాసుదే అని అందరూ భయపడ్డారు. నగరం ఖాళీ అవడం మొదలైంది. రికార్డాఫీసు దస్త్రాల్ని లోపలి ప్రాంతాలకి తరలించారు. ఎక్కడికో తెలుసా? మన చిత్తూరుకి, పలమనేరుకి. రెండున్నర శతాబ్దాల చరిత్ర మూటలు కట్టుకుని ఘాట్లు ఎక్కి రాయలసీమకి వచ్చి కూర్చుంది. యుద్ధం అయ్యాక మళ్ళీ ఎగ్మూరుకి వెళ్ళాయి.

ఇంత పెద్ద తరలింపు, ఇన్నాళ్ళ మూసివేత. అయినా ఆ సంస్థ మళ్ళీ నిలబడింది. 1973 నుంచి తమిళనాడు ఆర్కైవ్స్ పేరుతో ఇవాళ్టికీ నడుస్తోంది. నా ఉద్దేశంలో దీనికి కారణం లారీలు, పెట్టెలు కాదు. బాంబులు పడకముందే ముప్పై ఏళ్ళ పాటు నంబర్లు వేసి, జాబితాలు రాసి పెట్టడం. జాబితా ఉంటే వెళ్ళినవి ఎన్ని, తిరిగొచ్చినవి ఎన్ని అని లెక్క చూసుకోవచ్చు. జాబితా లేకపోతే ఏం పోయిందో కూడా తెలియదు. పోయిందని తెలియకపోతే వెతికేవాళ్ళూ ఉండరు.

1984: పద్దెనిమిది నెలల్లో రెండు మార్పులు

ఇప్పుడు మన ఊరికే తిరిగొద్దాం.

స్వాతంత్ర్యం వచ్చాక వంశపారంపర్య ఉద్యోగాలు ఎంతకాలం అన్న ప్రశ్న వచ్చింది. 1960 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక ఆంధ్రా కేసులోనే తేల్చేసింది. మునసబు కొడుకు కాబట్టి మునసబు ఉద్యోగం ఇవ్వాలి అనడం రాజ్యాంగంలోని సమాన అవకాశాల హక్కుకి విరుద్ధం అని. ఆ తీర్పు న్యాయమైనదే.

1984 జనవరి 6న ఎన్టీఆర్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. కరణం, మునసబు, పటేల్, పట్వారీ, రాష్ట్రమంతా ఈ పోస్టులన్నీ ఒక్కసారిగా రద్దు. 1985లో సుప్రీంకోర్టు కూడా ఆ రద్దుని సమర్థించింది. ఊళ్ళలో చాలామందికి అది పండగే. తరాలుగా అరుగు కింద నిలబడ్డ మనిషికి ఆ అరుగే పోయింది.

కానీ రికార్డు సంగతి? నిన్నటిదాకా ఇంట్లో ఉన్న కాగితాలు ఇప్పుడు ప్రభుత్వానికి అప్పగించాలి. ఉద్యోగం పోయిన కోపంలో ఉన్న మనిషి దగ్గర్నుంచి తీసుకోవాలి. తీసుకునేవాడు కొత్తవాడు, ఏమేమి ఉండాలో అతనికి తెలియదు. ఇచ్చేవాడికి తెలుసు, కానీ చెప్పాల్సిన అవసరం అతనికి లేదు. పుస్తకం చేతికొస్తుంది, పుస్తకం వెనకున్న వివరం రాదు. ఈ పొలానికి రెండు పేర్లు ఎందుకున్నాయి, ఈ గట్టు ఎప్పుడు జరిగింది, ఈ ముసలమ్మ పేరు ఎందుకు కొట్టేశారు, ఇవన్నీ ఆ మనిషి బుర్రలోనే ఉండిపోయాయి.

అంతలోనే 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. వెయ్యికి పైగా కొత్త మండలాలు. ఒక్కో తాలూకా రికార్డు రూముని మూడు నాలుగు ముక్కలుగా పంచాలి. నా టీ కొట్టు కథ గుర్తుందా? ఆ కట్ట మీద ఉన్న పాత తాలూకా పేరు అప్పటిదే. అంటే పద్దెనిమిది నెలల తేడాలో మనిషీ మారాడు, చిరునామా కూడా మారింది.

ఆ తర్వాతా ఇదే వరస. గ్రామ సహాయకులు, గ్రామాభివృద్ధి అధికారులు, పంచాయతీ కార్యదర్శులు, వీఆర్వోలు. పేరు మారిన ప్రతిసారీ పుస్తకాలు ఒక చేతి నుంచి ఇంకో చేతికి వెళ్ళాయి. జిల్లాలు కూడా మారాయి. తెలంగాణలో 2016లో పది జిల్లాలు ముప్పై ఒకటి అయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో పదమూడు ఇరవై ఆరు అయ్యాయి. మ్యాపు మీద గీత గీయడానికి ఒక్క రోజు చాలు. ఆ గీత ప్రకారం బీరువాలు పంచడానికి ఏళ్ళు పడుతుంది.

2020: అందరం చూసిన మూసివేత

ఇది మీ అందరి జ్ఞాపకంలో ఉన్న కథే. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఆఫీసులు, ఆర్కైవ్స్ రీడింగ్ రూములు అన్నీ మూతపడ్డాయి. అదే ఏడాది సెప్టెంబరు 7న తెలంగాణలో వీఆర్వోల దగ్గరున్న రికార్డులన్నీ ఆ రోజే తహసీల్దార్లకి అప్పగించాలని ఆదేశం వచ్చింది. మర్నాటి నుంచి రిజిస్ట్రేషన్లు ఆపేశారు. అదే వారంలో వీఆర్వో పోస్టులు రద్దు చేస్తూ అసెంబ్లీలో చట్టం వచ్చింది. అక్టోబరు 29న ధరణి పోర్టల్ మొదలైంది. వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు నవంబరులో, మిగతావి డిసెంబరులో మళ్ళీ నడిచాయి.

ప్రభుత్వం చెప్పిన కారణం అవినీతి. లంచం ఇచ్చి ఇచ్చి విసిగిపోయిన రైతులు చాలామంది సంతోషించారు కూడా. అది కాదనలేం. కానీ మన ప్రశ్న వేరే. ఐదు వేల మందికి పైగా ఉద్యోగులు, వేల ఊళ్ళ రికార్డులు, అప్పగింతకి ఒక్క రోజు. ఒక్క రోజులో ఏం అప్పగించవచ్చు? పుస్తకాలు అప్పగించవచ్చు. పుస్తకాలకి సంతకం పెట్టించుకోవచ్చు. "ఈ పేజీ చూసేటప్పుడు జాగ్రత్త, ఇక్కడ విషయం ఇదీ" అని చెప్పడానికి టైము ఎక్కడిది?

తర్వాత తన పేరు పోర్టల్లో లేదని, విస్తీర్ణం తప్పు పడిందని, నిషేధిత జాబితాలో చేరిందని జనం తిరగడం మనం చూశాం. ఊళ్ళో అడగడానికి మనిషి లేడు. ఆ ఉద్యోగుల్ని 2022లో లాటరీ పద్ధతిలో వేరే వేరే శాఖలకి సర్దేశారు. 2025లో భూభారతి చట్టం వచ్చింది. అదే ఏడాది ఊళ్ళకి మళ్ళీ గ్రామ పాలన అధికారుల్ని పంపారు. వాళ్ళు ఎవరనుకున్నారు? చాలావరకు పాత వీఆర్వోలు, వీఆర్ఏలే. పరీక్ష పెట్టి తీసుకున్నారు. ఏ పార్టీ చేసింది, ఎవరిది ఒప్పు అనే గొడవలోకి నేను వెళ్ళను. ఒక్కటి మాత్రం చూడండి. సాఫ్ట్‌వేర్ ఉన్నా సరే, ఊళ్ళో తెలిసిన మనిషి ఒకరు కావాలని ఐదేళ్ళకి మళ్ళీ ఒప్పుకోవాల్సి వచ్చింది.

మరి ఏం చేయాలి?

ఇంత కథ విన్నాక ఒక మాట స్పష్టంగా చెప్పుకుందాం. మనుషుల్ని మార్చడం తప్పు కాదు. కరణం వ్యవస్థ పోవాల్సిందే. తలుపు మూయడం కూడా ఒక్కోసారి తప్పదు, బాంబులు పడుతుంటే, జబ్బు ప్రబలుతుంటే మూయాలి కదా. తప్పంతా అప్పగింతలో ఉంది. అప్పగింత అంటే తాళంచెవి చేతిలో పెట్టడం కాదు. నాలుగు పనులు.

ఒకటి, జాబితా. ఏ బీరువా, ఏ అర, ఏ కట్ట, ఏ సంవత్సరం, పాత పేరు ఏంటి, కొత్త పేరు ఏంటి. ఇదేదో నేను కొత్తగా చెప్తున్నది కాదు. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 4(1)(ఎ) చూడండి. ప్రతి ప్రభుత్వ కార్యాలయం తన రికార్డుల్ని సూచికలతో, జాబితాలతో సక్రమంగా ఉంచాలని రాసి ఉంది. రెండు దశాబ్దాల కిందటి చట్టం అది.

రెండు, పాత మనిషి, కొత్త మనిషి కొన్నాళ్ళు పక్కపక్కన కూర్చోవడం. బొర్రయ్య పక్కన లక్ష్మయ్య ఉన్నట్టు.

మూడు, చదివే మనిషి. పార్శీ, మోడీ, పాత ఉర్దూ, పాత తెలుగు చేతిరాత. స్కాన్ చేసినంత మాత్రాన సరిపోదు. చదవలేని కాగితాన్ని స్కాన్ చేస్తే చదవలేని ఫోటో వస్తుంది, అంతే.

నాలుగు, మూసేటప్పుడే మళ్ళీ తెరిచే తేదీ చెప్పడం, మూసినన్నాళ్ళూ అత్యవసరం అయినవాళ్ళకి నకలు ఎట్లా ఇస్తారో చెప్పడం. కూతురి పెళ్ళికో, ఆస్పత్రి ఖర్చుకో పొలం అమ్ముకోవాల్సిన మనిషికి మూడు నెలలు చాలా పెద్ద కాలం.

ఇవి ప్రభుత్వం చేయాల్సినవి. మరి మనం? మీ ఇంట్లో బీరువాలో, ట్రంకు పెట్టెలో పాత కాగితాలు ఉంటాయి. పట్టాదారు పాసుపుస్తకం, శిస్తు రసీదులు, పాత దస్తావేజులు. ఈ ఆదివారం వాటిని బయటికి తీయండి. వెలుతురులో ఫోటోలు తీయండి. అంతటితో ఆగకండి. అమ్మమ్మనో, తాతయ్యనో, నాయనమ్మనో పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. ఇది ఏ పొలం? అప్పట్లో మన ఊరు ఏ తాలూకా? పాత సర్వే నంబర్ ఎంత? ఈ పేరు ఎవరిది? వాళ్ళు చెప్పింది ఒక నోటుబుక్కులో రాసి, కింద తేదీ వేయండి.

ఎందుకంటే మీ ఇంటి రికార్డు గదికి తాళం ఇవాళ వాళ్ళ దగ్గరుంది. అప్పగింత జరిగిందా లేదా అన్నది ఇప్పుడు మీ చేతిలో ఉంది.

మీ ఊరు ఒకప్పుడు ఏ తాలూకాలో ఉండేదో తెలుసుకుని కింద రాయండి. చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. అప్పటిదాకా సెలవు, నమస్కారం.